మారిషస్ అంటే డబ్బు దాచుకునే చోటేనా? అక్కడి మనుషుల గురించి కూడా మాట్లాడుకుందాం

కాకినాడ_రేవు:
మొన్న భోజనాల దగ్గర మా ఆఫీసులో కొత్తగా చేరినతను, నేను మారిషస్‌లో రెండేళ్ళు పనిచేశానని తెలియగానే "ఎవరి డబ్బు దాచొచ్చారు సార్" అన్నాడు, పక్కనున్న నలుగురూ నవ్వారు. ఇది మొదటిసారి కాదు. పెళ్ళిళ్ళలో, రైల్లో, ఆఖరికి మా మేనమామ కూడా ఇదే మాట. ఆ దీవి పేరు వినగానే మనవాళ్ళకి బినామీ కంపెనీలు తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు.

నాకు మాత్రం ఆ పేరు వింటే కాత్ర్ బోర్న్ అనే ఊళ్ళో మా ఇంటి ఓనరమ్మ గుర్తొస్తుంది. భర్త పోయిన క్రియోల్ ఆవిడ (ఆఫ్రికా మూలాలున్న అక్కడివాళ్ళని అలా అంటారు), అరవై దాటి ఉంటాయి, కింద ఆవిడ, పైన నేను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట వారం రోజులకు పైగా సూపర్‌మార్కెట్లు కూడా పూర్తిగా మూసేశారు. తర్వాత ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి రోజులు కేటాయించారు, మాది వ కాబట్టి నాకు బుధ, శనివారాలు వచ్చాయి. ఆ మూసేసిన వారంలో నా దగ్గర ఉన్నది కాస్త బియ్యం, సగం డబ్బా ఆవకాయ, అంతే. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే గడియకి ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. అందులో నాలుగు సీమవంకాయలు (ఆవిడ కంచె మీద పాకించిన తీగవే, వాటిని అక్కడ షూషూ అంటారు), ఒక కట్ట కొత్తిమీర, గాజు సీసాలో నానబెట్టిన పప్పు. సంచి నిండా మంచు తడి, అంటే తెల్లారకముందే తగిలించి వెళ్ళిందన్నమాట. కిందికెళ్ళి డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి వెనక్కి నెట్టి "ఆయో!" అంది. అచ్చం మా నాయనమ్మ అన్నట్టే. తర్వాత తెలిసింది, ఆ దీవిలో క్రియోల్ అయినా చైనీస్ అయినా ముస్లిం అయినా అందరూ "ఆయో" అనే అంటారని, ఎప్పుడో మన దక్షిణాది వాళ్ళు పట్టుకెళ్ళిన మాట అందరిదీ అయిపోయిందని.

ఆ సంచి రోజూ వచ్చింది, దుకాణాలు తెరిచేదాకా. ఇలాంటి ఊరిని పట్టుకుని అందరూ దొంగల దీవి అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు మీ అనుభవాలు రాయండి.

లెక్కల_మాస్టారు:
రేవు గారూ, మీ ఇంటి ఓనరమ్మకి దణ్ణం. కానీ ఆ పేరు ఊరికే రాలేదండీ, అది కూడా చెప్పుకోకపోతే అన్యాయం. నేను ఆడిటింగ్‌లో ముప్పై ఏళ్ళు ఉన్నాను, వీలైనంత సులువుగా చెప్తాను.

మన దేశానికి, మారిషస్‌కి మధ్య 1983 నుంచి పన్ను ఒప్పందం ఉంది. మారిషస్ కంపెనీ ఇక్కడ షేర్లు కొని అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను వేసే హక్కు అప్పట్లో మారిషస్‌కే ఉండేది. మారిషస్‌లో ఆ రకం లాభం మీద పన్నే లేదు. అంటే ఎక్కడా కట్టక్కర్లేకపోయేది. దాంతో ఎక్కడి డబ్బయినా ముందు అక్కడికి వెళ్ళి, ఒక కంపెనీ చొక్కా తొడుక్కుని ఇక్కడికి వచ్చేది. అందులో నిజమైన పెట్టుబడీ ఉంది, ఇక్కడినుంచి చాటుగా బయటికెళ్ళి తెల్లబట్టలేసుకుని తిరిగొచ్చిన మన డబ్బూ ఉంది. అందుకే అంత చిన్న దీవి ఎన్నో ఏళ్ళపాటు మన దేశానికి అత్యధికంగా విదేశీ పెట్టుబడి పంపిన దేశంగా నిలిచింది. ఈ దారి చట్టబద్ధమేనని 2003లో మన సుప్రీంకోర్టే చెప్పింది. 2016లో ఒప్పందం మార్చారు, 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల లాభానికి ఇక్కడ పన్ను పడుతుంది. 2019లో అక్కడ పనిచేసే ఒక న్యాయ సంస్థ కాగితాలు, కంపెనీలు పన్ను ఎలా తప్పించుకుంటున్నాయో చూపేవి, బయటపడ్డాయి, ప్రపంచమంతా చదివింది. 2020 ఫిబ్రవరి నుంచి 2021 అక్టోబరు దాకా మారిషస్ గ్రే లిస్టులో ఉంది, అంటే మనీ లాండరింగ్‌ని (నల్లడబ్బుని తెల్లగా మార్చడాన్ని) సరిగా అరికట్టని దేశాల మీద పెట్టే అంతర్జాతీయ నిఘా జాబితాలో.

కాబట్టి చెడ్డ పేరుకి కారణం లేదనకండి.

కాకినాడ_రేవు:
మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను. నేను పనిచేసింది ఎబెన్‌లో, అది అక్కడ కంపెనీల ఆఫీసులుండే చోటు, ఆ ఫైళ్ళు కళ్ళారా చూశాను. ఒకే అంతస్తులో, ఒకే చిరునామాతో వందల కంపెనీలు. కానీ ఒకటి చూడండి, ఆ కంపెనీల యజమానులు ఆ దీవివాళ్ళు కారు. డబ్బు బొంబాయిది, లండన్‌ది, దుబాయ్‌ది. ఆ బిల్డింగ్ కింద బండి మీద దాల్‌పూరీ అమ్మే ఆయనకి వాటితో సంబంధమేంటి? తప్పు చేసినవాడు బొంబాయిలో పెద్దమనిషిగా తిరుగుతాడు, చెడ్డ పేరు దాల్‌పూరీ ఆయన దేశానికి. నా బాధ ఇదీ.

లెక్కల_మాస్టారు:
ఈ మాట ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళలో నేను చూసిన ఫైళ్ళలో మారిషస్ మనిషి పేరు ఉన్నది ఒక్క డైరెక్టర్ సంతకం దగ్గరే. అదీ నెల జీతానికి పెట్టే సంతకం.

సిక్కోలు_వెల్డర్:
అందరికీ నమస్కారం. నేను 2016లో అక్కడ బిల్డింగ్ పనికి వెళ్ళాను. మా జిల్లాలో ఒక ఏజెంట్ లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు, జీతం ఒకటి చెప్పాడు, అక్కడికెళ్ళాక కాగితం మీద ఇంకొకటి ఉంది. మోసం మారిషస్‌లో జరగలేదు అన్నా, మా ఊరి బస్టాండ్ పక్కనే జరిగింది, మన తెలుగోడి చేతిలోనే. అందుకే దొంగల దీవి అనే మాట వింటే నాకు మండుతుంది.

మేం పన్నెండుమందిమి ఒకే గదిలో ఉండేవాళ్ళం. మొదటి రెండు నెలలు జీతం సరిగా పడలేదు. సందు చివర ఒక చైనా ముసలాయన కొట్టు ఉండేది, కొట్టుని లబుతిక్ అంటారు అక్కడ. ఆయన దగ్గర నీలం అట్ట పుస్తకం, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. అప్పు రాసేది అందులోనే. మా పేర్లు పలకలేక నంబర్లు వేశాడు, నేను ఏడు. బియ్యం, నూనె, బంగాళాదుంప, సబ్బు, అన్నీ ఇచ్చేవాడు. ఏ రోజూ ఎప్పుడిస్తారని అడగలేదు. జీతం వచ్చిన రోజు అందరం కలిసి వెళ్ళి కట్టేస్తే ఆయన ఆ పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, ఒక్కొక్కళ్ళకి చల్లటి ఆలూదా ఇప్పించాడు పక్క బండి మీద. పాలల్లో సబ్జా గింజలు, చైనా గ్రాస్ జెల్లీ ముక్కలు వేసి ఇస్తారు, ఎండలో ప్రాణం లేచొస్తుంది. తెలియని దేశంలో, భాష రాని కూలోళ్ళకి పేజీ తెరిచి అప్పిచ్చే కొట్టు మన దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పండి.

మాయెబూర్_అమ్మాయి:
నమస్కారం. నేను మారిషస్‌లోనే పుట్టి పెరిగాను. తెలుగు బడిలోనూ తర్వాత మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ సంస్థలోనూ నేర్చుకున్నాను, ఇంట్లో మేము క్రియోల్ భాష మాట్లాడతాము, కనుక తప్పులుంటే మన్నించండి. రెండు రోజులుగా మీ అందరి మాటలు చదువుతున్నాను, వెల్డర్ అన్నయ్య రాసిన నీలం పుస్తకం చదివి ఏడ్చేశాను, మా తాతయ్యకి కూడా అలాంటి పేజీ ఉండేది.

కానీ మమ్మల్ని మరీ అమాయకులని అనుకోకండి. ఇక్కడ లంచం ఉంది, బంధుప్రీతి ఉంది. మీరు పైరవీ అంటారు, మేము బ్యాకింగ్ అంటాము. ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ముందు అడిగే ప్రశ్న "నీకు బ్యాకింగ్ ఉందా" అని. ఇంకో మాట ఉంది, నూ బాన్, అంటే మనవాళ్ళు. ఓటు నూ బాన్‌కి, ఉద్యోగం నూ బాన్‌కి. ఇవన్నీ పైనున్నవాళ్ళు ఒక్కరే చేయలేదు, మేమూ చేశాము. నేను చదివి మూడేళ్ళు ఖాళీగా ఉన్నాను, నాకు బ్యాకింగ్ లేదు కాబట్టి.

అయితే ఇదే మనుషులు ఏం చేయగలరో కూడా నేను చూశాను. 2020 జూలై 25న వకాషియో అనే ఓడ మా తీరంలో పగడపు దిబ్బ మీదకి ఎక్కింది. పన్నెండు రోజులు అది అలాగే ఉంది. ఆగస్టు 6న దాంట్లోంచి ఇంధన నూనె కారడం మొదలైంది, దాదాపు వెయ్యి టన్నులు. మా సముద్రం నల్లగా అయిపోయింది, వాసనకి కళ్ళు మండేవి. అధికారులకే వదిలేయండి, మీరు దూరంగా ఉండండి అన్నారు. ఎవరూ వినలేదు. చెరకు తోటల్లోంచి ఎండాకు లారీల్లో వచ్చింది. మా అమ్మ, పక్కింటి ముస్లిం అత్తయ్య, చర్చి సిస్టర్లు, కాలేజీ పిల్లలు, అందరూ నేల మీద వరుసగా కూర్చుని సంచులు కుట్టారు. పొడవాటి గుడ్డ సంచి, లోపల చెరకాకు కూరడం, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టడం. జుట్టు నూనెని పీలుస్తుందని చెప్తే మంగలి షాపుల వాళ్ళు బస్తాల్లో జుట్టు పంపారు, ఆడవాళ్ళు జడలు కత్తిరించి ఇచ్చారు. మా అమ్మ వేళ్ళకి సూది గుచ్చుకుని బొబ్బలెక్కాయి, గుడ్డ చుట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆ రోజుల్లో ఎవరూ నూ బాన్ అనలేదు.

ఆగస్టు 29న రాజధాని పోర్ట్ లూయీలో వేలాదిమంది నల్లబట్టలు వేసుకుని నిరసనగా నడిచాము. దేశం మొత్తం జనాభా పదమూడు లక్షలు కూడా లేదు, అక్కడ తల ఎత్తితే చివర కనిపించలేదు.

గోదారి_గట్టు:
చెల్లెమ్మా, ఇది చదివాక ఏం రాయాలో తెలియట్లేదు. అమ్మగారి చేతులకి నా నమస్కారాలు చెప్పు.

లెక్కల_మాస్టారు:
అమ్మా, నువ్వు రాసిన తీరు చూస్తే మాకే సిగ్గేస్తోంది. మా తప్పు మేమూ చేశామని ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు. ఒక్క సందేహం. ఇంత అవినీతి ఉన్నా జనం ఊరుకుంటారా? 2024లో ఏదో ఫోన్ సంభాషణల గొడవ విన్నాను.

మాయెబూర్_అమ్మాయి:
అవును మాస్టారూ. 2024 అక్టోబరులో రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ మాటలు వరుసగా బయటికి వచ్చాయి, రాజకీయ నాయకులవి, పోలీసులవి, విలేకరులవి. ఎన్నికలు పది రోజుల్లో ఉండగా నవంబరు 1న ప్రభుత్వం సోషల్ మీడియా ఆపేసింది. ఒక్క రోజులో జనం గగ్గోలు పెట్టారు, మర్నాడే ఎత్తేశారు. నవంబరు 10న ఓటు వేశాము. 62 సీట్లలో 60 ప్రతిపక్షానికి వచ్చాయి, మిగిలిన రెండు రోడ్రిగ్స్ దీవి పార్టీకి. అధికారంలో ఉన్నవాళ్ళకి నేరుగా ఒక్కటీ రాలేదు. ఇలా జరగడం మూడోసారి, 1982లో, 1995లో కూడా ఇదే. మా నాయనమ్మ అంటుంది, మేము చాలాకాలం ఓర్చుకుంటాము, తర్వాత మొత్తం ఊడ్చేస్తాము అని. ఊడ్చాక వచ్చినవాళ్ళు కూడా పాతవాళ్ళే, అది మా కష్టం.

కొత్త_కాపురం:
మేం 2023లో హనీమూన్‌కి వెళ్ళాం. ఎయిర్‌పోర్టు, రిసార్టు, పడవ, మళ్ళీ ఎయిర్‌పోర్టు. ఆరు రోజుల్లో హోటల్ సిబ్బంది తప్ప ఒక్క మనిషితో మాట్లాడలేదు. ఇదంతా చదువుతుంటే అంత డబ్బు పోసి ఏం చూసొచ్చామా అనిపిస్తోంది. మళ్ళీ వెళ్తే ఏం చెయ్యాలో చెప్పండి.

కాకినాడ_రేవు:
బస్సెక్కండి. పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్‌కి వెళ్ళి మనుషుల మధ్య నిలబడి దాల్‌పూరీ తినండి. రెండేసి కలిపి ఇస్తారు, పలచగా మెత్తగా లోపల శనగపప్పులాంటి పసుపు పొడి, మధ్యలో బీన్స్ కూర, టమాటా కూర, కొత్తిమీర పచ్చడి, కాగితంలో చుట్టి. కొత్తిమీరని వాళ్ళు కోతోమిలి అంటారు, మునగాకు బ్రెద్ మురుం, కరివేపాకు కారిపులే. కూరగాయల వరసలో నడుస్తూ వింటే చాలు, మన మాటలు ఒక్కొక్కటీ ముసుగేసుకుని ఎదురొస్తాయి. సోమవారం అయితే మాయెబూర్ సంతకి వెళ్ళండి, చెల్లెమ్మ వాళ్ళ ఊరు.

ఒక రాత్రి రామభజనకి కూడా పిలిపించుకోండి ఎవరిచేతనైనా. నేను చూశాను. మధ్యలో నిలువెత్తు దీపం, ఏడు వత్తులు, చుట్టూ గజ్జెలు కట్టుకున్న మగవాళ్ళు తెల్లారేదాకా పాడుతూ అడుగేస్తూ తిరుగుతారు, సింహాద్రి అప్పన్న పేరు మీద. నా పక్కన ఉన్న పెద్దాయనకి తెలుగులో ఒక్క వాక్యం మాట్లాడటం రాదు, నాతో ఫ్రెంచ్ కలిసిన క్రియోల్‌లోనే మాట్లాడాడు. చేతిలో ఉన్న నోట్‌బుక్‌లో పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు, వాళ్ళ నాన్న రాసినదాన్ని చూసి ఎత్తి రాసుకున్నాడట. పాట ఎత్తితే మాత్రం ఒక్క అక్షరం తడబడలేదు. నేను సింహాచలం పక్క జిల్లావాణ్ణి, నాకు రెండో చరణం రాదు.

రావికొమ్మ:
ఒక్క మాట చెప్పనివ్వండి, ఎవరూ ఏమీ అనుకోకండి. మనం ఆ దీవిని ఇష్టపడేది అక్కడ తెలుగు ఉందనే కారణంతో మాత్రమే అయితే అది సగం ప్రేమే. నేను అక్కడ నాలుగేళ్ళు ఉన్నాను. ఆ నేలకి ముందు చెమట పోసింది ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన బానిసలు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది, అది రద్దవుతుందని ముందే తెలిసిన చెరకుతోటల యజమానులకి కూలీలు కావాలి, అందుకే మనవాళ్ళని ఓడలెక్కించారు. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ ల మోర్న్ ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది. సెగా అనే అక్కడి ఆటపాట వినాలంటే హోటల్‌లో కాదు, ఒక క్రియోల్ కుటుంబం సముద్రం ఒడ్డున ఆదివారం వంట చేసుకునే చోట వినాలి. రవాన్ అని మేక తోలు డప్పు ఉంటుంది, మన డప్పు లాగే వాయించేముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. వేలితో తట్టి చూసి, ఇంకా కాదని తల ఊపి మళ్ళీ మంట దగ్గర తిప్పుతారు. ఆ తిప్పడం చూసినప్పుడు నాకు మా ఊరి మాదిగ తాత గుర్తొచ్చాడు, అదే చూపు, చెవి వంచి వినే పద్ధతి కూడా అదే.

షాగోస్ అనే దీవుల వాళ్ళ గురించి కూడా ఎవరూ రాయలేదు. అమెరికా స్థావరం కోసం 1968 నుంచి 1973 మధ్య వాళ్ళ దీవుల్నించి ఖాళీ చేయించి పోర్ట్ లూయీ రేవులో దింపేశారు. ఇప్పటికీ పేదపేటల్లోనే ఎక్కువమంది ఉన్నారు. మా వీధిలో ఒక షాగోస్ అవ్వ ఉండేది, కొబ్బరితో వండే వంటలన్నీ మాకు పంపేది, ఇంటి గురించి అడిగితే మాత్రం సముద్రం వైపు చూసేది.

కాకినాడ_రేవు:
రావికొమ్మ గారూ, చెప్పినందుకు కృతజ్ఞతలు. మా ఇంటి ఓనరమ్మ కూడా క్రియోలే, ఆవిడ కథ నేను ఎప్పుడూ అడగలేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడుగుతాను.

పాత_పటాలు:
చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో మొదటి కూలీలు 36 మంది దిగారు, ఆ తర్వాత దాదాపు అయిదు లక్షలమంది వచ్చారు, ఎక్కువమంది బీహారు వైపు వాళ్ళు. మన తీరంనుంచి వెళ్ళినవాళ్ళని కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అనేవారు. ఆ కోరంగి మన కాకినాడ పక్కదే, 1839 నవంబరు ఉప్పెనలో మునిగిపోయి మళ్ళీ కోలుకోలేదు. పోర్ట్ లూయీలో వాళ్ళు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్. రాతి మెట్లు పదహారు, అన్నీ అరిగిపోయి ఉన్నాయి. నేను చెప్పులు విప్పి ఎక్కాను. ఉగాదికి ఆ దేశంలో ఇప్పటికీ జాతీయ సెలవు.

మాయెబూర్_అమ్మాయి:
పటాలు గారూ, మీరు చరిత్ర చెప్పారు కనుక ఒక సాయం అడగవచ్చా? మోకా సంస్థలోనే ఆ కాలపు వలస రిజిస్టర్లు ఉన్నాయి, మా ముత్తాత తాతగారి కాగితం దొరికింది, చిన్న ఫోటో కూడా ఉంది, మెడలో నంబరు పలకతో. జిల్లా గంజాం అని, ఊరి దగ్గర చికాకోల్ అని ఉంది. చికాకోల్ అంటే శ్రీకాకుళం అని తెలుసు. గ్రామం పేరు మాత్రం గుమాస్తా తనకి వినిపించినట్టు రాశాడు, "బోంతాల్‌కోడూ" లాగా ఉంది. పటంలో ఎంత వెతికినా దొరకలేదు. కులం దగ్గర మరక ఉంది, వయసు 22.

సిక్కోలు_వెల్డర్:
చెల్లెమ్మా, అది బొంతలకోడూరు అయ్యుంటుంది. ఎచ్చెర్ల మండలం. మా అక్కని అటువైపే ఇచ్చాం, నేను బండి మీద ఆ దారిన చాలాసార్లు వెళ్ళాను. మీ ముత్తాత తాత పేరు, ఇంటిపేరు ఏమైనా ఉంటే నాకు విడిగా పంపు. ఆదివారం నాకు పని లేదు.

మాయెబూర్_అమ్మాయి:
పంపాను అన్నయ్యా. మా అమ్మకి చదివి వినిపించాను. ఆ ఊళ్ళో చెరువు ఉందా అని అడుగుతోంది, మా నాయనమ్మ పాడే పాటలో ఒక చెరువు వస్తుంది.

సిక్కోలు_వెల్డర్:
చెరువు ఉందో లేదో ఆదివారం చూసి చెప్తాను. ఉంటే గట్టు మీద నిలబడి వీడియో కాల్ చేస్తాను, అమ్మని పక్కన కూర్చోబెట్టు. మీకు ఎన్ని గంటలు వెనక?

మాయెబూర్_అమ్మాయి:
గంటన్నర. మీకు ఎనిమిదయితే మాకు ఆరున్నర. అమ్మ అయిదింటికే లేస్తుంది.